కుక్కకు వైద్యం, ఇంటికి రక్ష

జంతు సంక్షేమం అనే మాటకు కచ్చితమైన అర్థం కల్పించే ప్రయత్నం బ్రిటన్‌లో 1965లో వెలువడిన బ్రాంబెల్ కమిటీ నివేదికతో ఊపందుకుంది. పెద్దఎత్తున సాగే పశుపోషణ కేంద్రాల్లో జీవాల స్థితిగతులను పరిశీలించిన ఆ కమిటీ ఆలోచనల నుంచి కాలక్రమంలో ‘ఐదు స్వేచ్ఛలు’ అనే సూత్రం రూపుదిద్దుకుంది. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, వ్యాధుల నుంచి, భయాందోళనల నుంచి విముక్తి, వాటితోపాటు తన జాతికి సహజమైన రీతిలో మెలగగల వీలు అనేవే ఆ ఐదు. వీటిలో నాలుగింటిని పేద ఇల్లు కూడా తన శక్తి మేరకు ఇవ్వగలదు. ఇంటివారు తినే దాంట్లో ఒక ముద్ద, పడుకోవడానికి చూరు నీడ, తిరగడానికి ఊరంతా ఉన్న కుక్కకు ఆ మేరకు లోటు ఉండదు. వ్యాధుల నుంచి విముక్తి మాత్రం ఆప్యాయత ఒక్కదానితో సమకూరేది కాదు. దానికి పశువైద్యుడు, చల్లగా నిల్వచేసిన టీకా, మత్తుమందు, వాటిని ఊరిదాకా చేర్చే వాహనం కావాలి. పేద గ్రామాల్లో స్వచ్ఛంద పశువైద్యం పూడ్చాలని చూసేది ఈ ఒక్క లోటునే. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని ఆదివాసీ ప్రాంతాల అనుభవం ఎంతగానో ఉపకరిస్తుంది.

దూరమే అసలు లోటు

తెలుగు పాఠకులకు రిజర్వేషన్ అంటే చదువుల్లో, ఉద్యోగాల్లో కేటాయింపు అనే అర్థమే పరిచితం. అమెరికాలో అదే మాటకు ఆదివాసీ తెగలకు ఒప్పందాల ద్వారా, చట్టాల ద్వారా మిగిలిన, తెగ ప్రభుత్వాల పాలనలో ఉండే భూభాగం అనే అర్థం ఉంది. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో విస్తరించిన నవహో ప్రాంతం విస్తీర్ణంలో తెలంగాణలో సగానికి మించినది. దక్షిణ డకోటాలో లకోటా తెగలు నివసించే పైన్ రిడ్జ్, రోజ్‌బడ్ ప్రాంతాలు దేశంలో అతితక్కువ ఆదాయం గల ప్రాంతాల జాబితాల్లో తరచూ కనిపిస్తాయి. ఇళ్లు మైళ్ల దూరాన ఒకటొకటిగా విసిరేసినట్టు ఉండే ఇటువంటి చోట మనుషుల వైద్యానికి 1955 నుంచి ఇండియన్ హెల్త్ సర్వీస్ అనే ఫెడరల్ వ్యవస్థ ఉన్నప్పటికీ, కుక్కల, పిల్లుల రోజువారీ వైద్యానికి అంతటి ఏర్పాటు లేదు. ప్రైవేటు పశువైద్యశాల ఏ పట్టణంలోనో ఉంటుంది కాబట్టి పెట్రోలు ఖర్చు, పోగొట్టుకునే కూలి, వైద్యుడి రుసుము కలిసి ఒక కుటుంబం మోయలేని మొత్తమవుతాయి.

దీనిని ఆదివాసీలకే పరిమితమైన సమస్యగా భావించడం పొరపాటు. టెన్నెసీ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2018లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం, పెంపుడు జంతువులున్న అమెరికన్ కుటుంబాల్లో నాలుగింట ఒక వంతుకు పైగా అంతకుముందు రెండేళ్లలో అవసరమైన పశువైద్యం అందక ఇబ్బంది పడ్డాయి. అందుకు అన్నింటికంటే పెద్ద కారణం డబ్బే. ఆ తర్వాతి కాలంలో పశువైద్య రంగంలో ‘వైద్య సౌలభ్యం’ అనే చర్చ బలపడింది. జంతువు బాధపడుతోందంటే యజమానికి దయ లేదని తీర్పు చెప్పడానికి ముందు, ఆ యజమానికి వైద్యం అందుబాటులో ఉందా అని అడగాలన్నది ఆ చర్చ సారాంశం.

ఈ ప్రాంతాల్లో కుక్కకున్న స్థానం ఆ ప్రశ్నను మరింత సమంజసం చేస్తుంది. గుర్రాలు మైదాన ప్రాంతాలకు చేరకముందు లకోటా కుటుంబాల సామాన్లను రెండు కర్రల మధ్య కట్టిన ఈడుపు బండ్ల మీద లాగినవి కుక్కలే. లకోటా భాషలో కుక్కను షుంకా అంటారు. తర్వాత వచ్చిన గుర్రానికి ఆ మాట నుంచే షుంకా వకాన్, అంటే పవిత్రమైన, అంతుపట్టని మహిమ గల కుక్క, అనే పేరు పుట్టింది. నవహో కాపరుల ఇళ్లలో కుక్కలు ఈనాటికీ గొర్రెల మందలకు కాపలా కాస్తాయి. ఆ ఊళ్లలో మెడకు తాడు లేకుండా తిరిగే కుక్కల్లో అధిక భాగం యజమానులున్నవే. ఒక ఇంట్లో తిని ఊరంతా తిరిగే కుక్కను చూసి పెరిగిన తెలుగు గ్రామీణులకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. బయటినుంచి వచ్చేవారికి మాత్రం అవన్నీ దిక్కులేని కుక్కలుగా కనిపిస్తాయి.

శిబిరంలో జరిగేది

ఈ లోటు పూడ్చడానికి ముందుకొచ్చిన ప్రయత్నాల్లో డాక్టర్ ఎరిక్ డేవిస్ ప్రారంభించిన రూరల్ ఏరియా వెటర్నరీ సర్వీసెస్ పేరెన్నికగన్నది. తర్వాతి కాలంలో హ్యూమేన్ సొసైటీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ కార్యక్రమంగా నడిచిన ఈ సేవలో పశువైద్యులు, నర్సుల తరహా సాంకేతిక సిబ్బంది, పశువైద్య విద్యార్థులు స్వచ్ఛందంగా పాల్గొంటారు. మత్తుమందు యంత్రాలు, శస్త్రచికిత్స బల్లలు, బోనులు వాహనాల్లో తెచ్చి, తెగ ప్రభుత్వం ఇచ్చిన వ్యాయామశాలనో సమావేశ మందిరాన్నో కొద్దిరోజులపాటు ఆసుపత్రిగా మారుస్తారు. విద్యార్థులు నిపుణుల పర్యవేక్షణలో పరీక్షించడం, మత్తు ఇవ్వడం, కుట్లు వేయడం నేర్చుకుంటారు. ఉచితం కాబట్టి నాసిరకంగా ఉన్నా ఫరవాలేదన్న ధోరణి చొరబడితే ఇలాంటి శిక్షణ అనైతికమవుతుంది. అందుకే మత్తులో ఉన్న జంతువు శ్వాసను, గుండె కొట్టుకునే తీరును క్షణక్షణం గమనించి నమోదు చేయడం, నొప్పి తగ్గించే మందు తప్పక ఇవ్వడం పట్టణ ఆసుపత్రిలో ఎంత ముఖ్యమో ఈ శిబిరాల్లోనూ అంతే ముఖ్యం.

శిబిరంలో జరిగే పనుల్లో ప్రధానమైనది సంతాన నియంత్రణ ఆపరేషన్. ఆడ కుక్కలో అండాశయాలను, గర్భసంచిని, మగ కుక్కలో వృషణాలను తొలగిస్తారు. కుక్క గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. ఏడాది నిండేలోపే ఎదకు రాగల ఆడ కుక్క సాధారణంగా సంవత్సరంలో రెండుసార్లు ఎదకు వస్తుంది కాబట్టి, ఒక ఇంట్లో ఆపరేషన్ జరగని ఒక్క కుక్క ఉన్నా ఆ ఇల్లు సాకలేనన్ని పిల్లలు తొందరలోనే పోగవుతాయి. ఆపరేషన్ అయిన జంతువును మళ్లీ అనవసరంగా కోయకుండా ఉండేందుకు పొట్టమీద కోతగాటు పక్కన సన్నని ఆకుపచ్చ పచ్చబొట్టు గీత వేయడం అక్కడి రివాజు. భారతదేశంలో వీధికుక్కలకు చెవి కొసను కొద్దిగా కత్తిరించే గుర్తు కూడా అదే అవసరం కోసం ఏర్పడింది.

తక్కిన పనులు చూడటానికి చిన్నవే గానీ ప్రాణాలు నిలిపేవి. రేబిస్ టీకా కుక్కను, దాని ద్వారా మనిషిని కాపాడుతుంది. 1978లో గుర్తించిన పార్వో వైరస్ పిల్లకూనల్లో రక్త విరేచనాలు పుట్టించి, చికిత్స అందకపోతే చాలావాటిని చంపుతుంది. మట్టిలో నెలల తరబడి బతికుండే ఈ వైరస్ ఒకసారి పెరటిలో చేరితే ఆ ఇంట తర్వాత పుట్టిన కూనలకూ సోకుతుంది. దీనికి టీకా ఉన్నా, కూన వయసు ఆరు నుంచి ఎనిమిది వారాలున్నప్పుడు మొదలుపెట్టి, నాలుగు నెలల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేస్తేనే పూర్తి రక్షణ వస్తుంది. ఏడాదికొకసారి వచ్చిపోయే శిబిరానికి ఉన్న పరిమితి ఈ లెక్కలోనే తెలుస్తుంది. నట్టల మందు, గజ్జి చికిత్స, పిడుదుల నివారణ కూడా ఇదే కోవలోకి వస్తాయి. వీటిలో చివరిది ఒక చోట మనుషుల చావుబతుకులకు సంబంధించిన విషయమైంది.

పిడుదు మోసుకొచ్చిన జ్వరం

రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే జ్వరానికి కారణం రికెట్సియా అనే సూక్ష్మజీవి. అది పిడుదు కాటు ద్వారా మనిషికి సోకుతుందని 1906లో నిరూపించిన హోవర్డ్ రికెట్స్ పేరే ఆ సూక్ష్మజీవికి పెట్టారు. అడవులలో, పచ్చికబయళ్లలో ఉండే పిడుదులే దీనిని మోస్తాయని భావించేవారు కాబట్టి, ఎండిన నేలలున్న తూర్పు ఆరిజోనాలో ఈ జ్వరం బయటపడటం వైద్యులను ఆశ్చర్యపరిచింది. అక్కడ వ్యాధిని మోస్తున్నది ఇళ్ల చుట్టూ కుక్కల మీద పెరిగే గోధుమరంగు కుక్క పిడుదు అని 2005లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఈ పిడుదు తన జీవితంలోని ప్రతి దశలోనూ కుక్క రక్తాన్నే కోరుతుంది. కడుపు నిండాక కిందికి రాలి గోడ పగుళ్లలో, పాత పరుపుల్లో, పెరటి చెత్తలో దాక్కుంటుంది. ఒక్కో ఆడ పిడుదు వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అందువల్ల కుక్కల సంఖ్య పెరిగి, వాటికి మందు అందని పేటలో ఆడుకునే పసివాడికి పిడుదు కాటు దాదాపు తప్పదు.

డాక్సీసైక్లిన్ అనే చవకైన మందును తొలిరోజుల్లోనే మొదలుపెడితే నయమయ్యే ఈ జ్వరం, ఆలస్యమైతే వారం పది రోజుల్లో ప్రాణం తీయగలదు. 2003 నుంచి 2012 వరకు ఆరిజోనా ఆదివాసీల్లో 250కి పైగా కేసులు, 19 మరణాలు నమోదయ్యాయి. ఈ పరిస్థితిలో 2012లో సుమారు 600 ఇళ్లున్న ఒక ఆదివాసీ సముదాయంలో రెండేళ్ల ప్రయోగం మొదలైంది. మొదటి సంవత్సరం ఊళ్లోని కుక్కలన్నింటికీ నెలల తరబడి పనిచేసే పిడుదుల నివారణ పట్టీలు మెడకు కట్టారు, పెరళ్లలో నెలనెలా మందు చల్లారు, సంతాన నియంత్రణ ఆపరేషన్లను, కుక్కలను సరైన పద్ధతిలో కట్టి ఉంచడాన్ని ప్రోత్సహించారు. అయిదు నెలల తర్వాత చూస్తే ఆ సముదాయంలో పిడుదులు కనిపించిన కుక్కలు ఒక శాతం కంటే తక్కువ. ప్రయోగం జరగని పొరుగు సముదాయాల్లో అవి 64 శాతం. రెండో సంవత్సరం మందు చల్లడం మాని పట్టీలను మాత్రమే కొనసాగించినా ఆ సంఖ్య మూడు శాతం దాటలేదు.

ఈ ఫలితంలో గమనించవలసింది పట్టీ మహిమ ఒక్కటే కాదు. పట్టీ పనిచేయాలంటే ఊళ్లో ప్రతి ఇంటి గుమ్మం తొక్కాలి, ప్రతి కుక్కనూ పట్టుకోవాలి, పట్టీ ఊడితే మళ్లీ కట్టాలి. నూటికి పది ఇళ్లు తలుపు వేసుకున్నా ఆ పది ఇళ్ల కుక్కల మీద పిడుదులు మళ్లీ పెరిగి పేటంతా పాకుతాయి. రేబిస్‌ విషయంలోనూ తర్కం ఇదే. ఒక ప్రాంతంలో కుక్కల్లో 70 శాతానికి టీకా అందినప్పుడు వ్యాధి వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కలను చంపడం వల్ల ఈ ఫలితం రాదు. టీకా పొందిన కుక్కలు కూడా పోయి, వాటి చోట టీకా లేని కొత్త కుక్కలు చేరతాయి.

నమ్మకం, కొనసాగింపు

ప్రతి ఇంటి తలుపూ తెరుచుకోవాలంటే వచ్చినవారి మీద నమ్మకం ఉండాలి. నవహో ప్రాంతంలో 1930లలో మేత ఎక్కువై నేల కోసుకుపోతోందన్న కారణంతో ఫెడరల్ ప్రభుత్వం లక్షల సంఖ్యలో గొర్రెలను, మేకలను బలవంతంగా తగ్గించింది. ఆ జీవాలే ఆస్తిగా బతికిన కుటుంబాలకు అది తరాలపాటు మానని గాయం. జంతువుల గురించి మాట్లాడుతూ బయటివారు ఊళ్లోకి రావడమంటే ఏదో ఒకటి తీసుకుపోవడానికేనన్న జ్ఞాపకం ఉన్నచోట, కుక్కలను దయతో చూడండని ఉపన్యసించే స్వచ్ఛంద సేవకుడికి ఆదరణ దొరకడం కష్టం. తెగ ప్రభుత్వం పిలుపు మీద రావడం, కుక్కను యజమాని చేతుల్లోంచి తీసుకుని యజమాని చేతుల్లోనే తిరిగి పెట్టడం, మరుసటి ఏడు మళ్లీ రావడం ఆ నమ్మకాన్ని కూడగట్టే పద్ధతులు.

స్వచ్ఛంద సేవ బలహీనత కూడా ఇక్కడే ఉంది. శిబిరం వెళ్లిన మర్నాడు కుట్టు విప్పుకున్న కుక్కను ఎవరు చూడాలి, రెండో విడత పార్వో టీకా ఎవరు వేయాలి అన్న ప్రశ్నలకు ఊళ్లోనే ఉండే మనిషి తప్ప జవాబు లేదు. అందువల్ల శిబిరం విలువను అక్కడ జరిగిన ఆపరేషన్ల లెక్కతోపాటు, అది తిరిగివెళ్లాక ఊళ్లో మిగిల్చిన నైపుణ్యంతోనూ కొలవవలసి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ అనుభవం దూరపు విషయం కాదు. గోధుమరంగు కుక్క పిడుదు భారతదేశమంతటా ఉంది. ఇక్కడి కుక్కలకు అది ఎర్లీకియోసిస్ వంటి రక్త వ్యాధులను అంటిస్తుంది. ప్రపంచంలో కుక్కల ద్వారా సంభవించే రేబిస్ మరణాల్లో సుమారు మూడో వంతు భారత్‌లోనివే. 1885 జులై 6న పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన సందర్భాన్ని పురస్కరించుకుని, ఏటా ఆ రోజున రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకా, సంతాన నియంత్రణ ఆపరేషన్ బాధ్యతలను యజమానికే అప్పగించాయి. అయితే కూలికి వెళ్లే యజమాని మండల కేంద్రానికి కుక్కను మోసుకుపోవడానికి ఒక రోజు కూలి వదులుకోవాలి. బస్సులో కుక్కను ఎక్కించుకోకపోతే ఆటో కూడా మాట్లాడుకోవాలి. పశువుల విషయంలో ఈ దూరాన్ని వ్యవస్థ ఎప్పుడో గుర్తించింది. గాలికుంటు టీకా ఆవుల, గేదెల కొట్టం దాకా వస్తుంది, గొర్రెలకు నట్టల మందు మంద దగ్గరే పోస్తారు. అదే కొట్టం ముందు పడుకుని కాపలా కాసే కుక్కకు కూడా అదే విడతలో, అదే సిబ్బంది చేత ఒక టీకా వేయించగలిగితే, ఆరిజోనాలో ఇంటింటికీ తిరిగి సాధించిన పనిలో మొదటి మెట్టు ఇక్కడా పడినట్టవుతుంది.