జబ్బు లేనివాళ్ళకు మాత్రలెందుకు?



బోదకాలు అన్నా, ఏనుగుకాలు అన్నా, తమిళంలో యానైక్కాల్ అన్నా జబ్బు ఒక్కటే. ఆ మాట వింటే మన రాజపాళయంలో చాలామందికి తంజావూరు వైపు ఊళ్ళు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం గోదావరి జిల్లాలో మా అక్కగారి ఇల్లు గుర్తుకొస్తుంది.

2010 ప్రాంతంలో సెలవులకు అక్కడికి వెళ్ళాను. ఆరోగ్య కార్యకర్త వచ్చి పెద్దవాళ్ళకు తలా మూడు డి.ఇ.సి. మాత్రలు, ఒక ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చి వెళ్ళింది. మా బావగారు వాటిని గూట్లో పెట్టేశారు. మింగలేదేమని అడిగితే, "నాకేం జబ్బుందని మింగమంటారండీ?" అన్నారు. అప్పుడు వాళ్ళమ్మగారు అదే వసారాలో, వాచిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. బడిలో సైన్సు చెప్పే నేను కూడా జవాబు తోచక ఊరుకున్నాను. ఆ జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

ఈ జబ్బుకు మూలం దారంలాంటి సన్నని పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. ఒంట్లో చేరిన పురుగు శోషరస నాళాల్లో కాపురం పెట్టి, నాలుగు నుంచి ఆరేళ్ళు బతికి, లక్షలకొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల్లో దాగి, రాత్రి దోమలు కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా రక్తపరీక్షకు రాత్రిపూట ఇళ్ళకు వచ్చేవారు. ఇంకో చిత్రం చూడండి. రక్తంలో పిల్ల పురుగులున్న చాలామందికి జ్వరం ఉండదు, వాపు ఉండదు. కాలు వాచేసరికి ఏళ్ళు గడుస్తాయి. అప్పటికి చాలామంది రక్తంలో పిల్ల పురుగులు కనిపించవు. అంటే దోమకు పురుగును అందిస్తున్నది పీట మీద కాలు పెట్టుకున్న పెద్దావిడ కాకపోవచ్చు, గుమ్మంలో నిలబడ్డ బావగారు కావచ్చు!

డి.ఇ.సి. పిల్ల పురుగుల్ని బాగా చంపుతుంది, తల్లి పురుగుల్ని అంతగా చంపదు. అవి ముసలివై చచ్చేదాకా ఏటేటా మందు వెయ్యాలి. పొలంలో కలుపు గింజ కట్టకముందే ఏడేడూ కోసేస్తే నేలలో విత్తనం తరిగిపోతుంది. కానీ పక్క పొలం ఆసామి కొయ్యకపోతే మన కష్టం గాలికి పోయినట్టే. 2004లో మన దేశంలో ఈ సామూహిక పంపిణీ మొదలైనప్పుడు పెట్టుకున్న లెక్క కూడా ఇదే. జనాభాలో నూటికి 65 మందికి తగ్గకుండా, కనీసం ఐదేళ్ళు మింగాలి. పుచ్చుకున్నవాళ్ళు కాదు, మింగినవాళ్ళు.

ఐదేళ్ళే ఎక్కువనుకుంటున్నారా? ఆఫ్రికాలో నదీ అంధత్వమనే జబ్బు ఉంది. వడిగా పారే నదుల్లో పుట్టే నల్ల ఈగ కుట్టి పురుగును ఎక్కిస్తుంది. దాని పిల్లలు కంటిదాకా పోయి చూపు తీస్తాయి. తల్లి పురుగు ఆయుష్షు పది, పదిహేనేళ్ళు. 1987లో మెర్క్ కంపెనీ ఐవర్‌మెక్టిన్ మందును కావలసినంత కాలం ఉచితంగా ఇస్తామంది. పల్లెల్లో జనం తమలోనే ఒకరిని ఎన్నుకుంటారు. త్రాసు అక్కర్లేకుండా గుర్తులు పెట్టిన కర్రతో ఎత్తు కొలిచి, ఆయనే మోతాదు ఇస్తాడు. అలా ఏళ్ళ తరబడి మింగి, 2013లో దక్షిణ అమెరికాలోని కొలంబియా, 2025లో ఆఫ్రికాలో మొదటగా నైజర్ ఆ జబ్బును వదిలించుకున్నాయి. అదే ఐవర్‌మెక్టిన్‌ను 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాల్లో బోదకాలు మాత్రలకు జతచేస్తున్నారు.

మీరు గాని, ఉద్యోగాలకు వెళ్ళిన మీ పిల్లలు గాని అలాంటి జిల్లాలో ఉంటే మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోండి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళకు ఇవ్వరు. బాగా ముదిరిన కాలు వాపు మాత్రలతో పోదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుంటే జ్వరం, నొప్పి మాటిమాటికీ రాకుండా ఉంటాయి. పెద్దావిడకు మా అక్క చేసిన సేవ అదే.

మాత్ర వేసుకున్నాక కొందరికి ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి వస్తాయి. ఎక్కువగా ఒంట్లో పురుగులున్నవాళ్ళకే వస్తాయి, అవి చస్తున్నందువల్ల. మరుసటి ఏడు ఆ కార్యకర్త ఎదురుగా నిలబడి మా బావగారిచేత మింగించిందట. ఆ రాత్రి ఆయనకు జ్వరం తగిలిందని అక్క ఫోను చేసింది.