కొండమీది బడికి మనమేం చేయగలం?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సెలవులు రాగానే పిల్లల్ని తీసుకుని అరకు వెళ్ళివచ్చినవాళ్ళు మనలో చాలామంది వుంటారు. బొర్రా గుహలు చూస్తాం, కాఫీపొడి కొనుక్కుంటాం, రైలెక్కేస్తాం. ఆ దారి వదిలి గెడ్డ దాటి కొండెక్కితే కనిపించే ఊళ్ళ సంగతి మనకు తట్టదు. అక్కడా పిల్లలున్నారు, బడీ వుంది. మరి చదువెందుకు అంటడం లేదు?

"వాళ్ళకు చదువుమీద ధ్యాస లేదండీ" అనేస్తాం. నేనూ అలాగే అనుకున్నాను. పాడేరు పైన ఒక ఊరి బడికి పలకలూ, బిస్కెట్లూ పట్టుకుని వెళ్ళాను. రెండో తరగతి పాపను ఏదో అడిగితే తలవంచుకు నిలబడింది. 'పాపం, మందమతి' అనుకున్నాను. మధ్యాహ్నం అదే పాప నన్ను చెట్లలోకి తీసుకుపోయి, ఆకు ఆకూ చూపిస్తూ పేర్లు గడగడా చెప్పింది, తన కువి భాషలో. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఆ పూట చదువురానిదాన్ని నేనే.

చిక్కంతా ఇక్కడే వుంది. మన పిల్లలు బడికి వెళ్ళేనాటికే తెలుగు వచ్చివుంటుంది. అక్షరాలు నేర్చుకుంటే చాలు. ఆ పాపకు అక్షరమూ కొత్తే, భాషా కొత్తే. 'ఒ' అంటే 'ఒంటె' అని దిద్దిస్తాం. ఆమె ఒంటెనూ చూడలేదు, ఆ మాటా వినలేదు. ఇక నోరెలా పెగులుతుంది? నాలుగేళ్ళు అలా కూర్చుని, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో వుండిపోతుంది.

ఈ సంగతి గిడుగు రామమూర్తి పంతులుగారు ఎప్పుడో గ్రహించారు. వాడుకభాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. పర్లాకిమిడిలో బడిపంతులుగా వుంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. తరువాత 2004లో మన రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి మొదలైన 8 భాషల్లో, తెలుగు లిపిలోనే, పిల్లలకు పాఠాలు చెప్పే పథకం మొదలైంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతిదాకా ఇంటిభాషలోనే చెప్పమంటోంది. కానీ పుస్తకం దానంతటది చదువు చెప్పదు కదా! చెప్పే మనిషి కావాలి.

మరి మనమేం చేయాలి? ఒక్కరోజు వెళ్ళి పలకలు పంచి, ఫొటో దిగి వచ్చేస్తే లాభంలేదు. పదిమంది కలిసి ఒకే బడిని ఎంచుకోండి. ముందు అక్కడి మాస్టారితో మాట్లాడి, నెలకొకసారైనా ఏడాదిపాటు వంతులవారీగా వెళ్ళండి. వర్షాల్లో గెడ్డ పొంగుతుంది, దోమతెర లేనిదే రాత్రి వుండకూడదు. ఇవన్నీ ముందే చూసుకోండి.

వెళ్ళాక, నేర్పడానికి ముందు నేర్చుకోండి. పిల్లలచేత ఇరవై మాటలు చెప్పించుకుని తెలుగు లిపిలో రాసుకోండి. మీరు తప్పు పలికితే వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుతోనే బెరుకు పోతుంది. ఊళ్ళో అవ్వచేత కథ చెప్పించి, పిల్లలచేత బొమ్మలు వేయించి, కుట్టి పుస్తకం చేయండి. లెక్కలకు వారపుసంత వుండనే వుంది. అడ్డాకుల కట్టలూ, పసుపూ, చింతపండూ అమ్మే ఇంటి పిల్లకు కూడికలు ఎందుకు రావు?

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊళ్ళో నాలుగక్షరాలు వచ్చిన అమ్మాయి ఎవరైనా వుంటే ఆమెకు అండగా నిలవండి. మనం తిరిగొచ్చేస్తాం, ఆమె అక్కడే వుంటుంది. అయిదో తరగతి అయ్యాక ఆడపిల్ల చదువు ఆగిపోయే ప్రమాదం వుంది. అప్పుడు తల్లికి నచ్చచెప్పి, హాస్టలు దరఖాస్తు నింపి, వెంట వెళ్ళి చేర్పించి రండి. ఇది డబ్బున్నవాళ్ళే చేయాల్సిన పనేం కాదు, ఓపికున్న తల్లి ఎవరైనా చేయగలదు.

ఈసారి అరకు వెళ్ళినప్పుడు రైలు కిటికీలోంచి ఆ కొండలను చూసి, అక్కడి బడి ఒకటి మనదనుకోండి. సెలవు.