బండి దారి పక్కన మోకాలెత్తు గోడ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరుంటాడు, ప్లానుంటుంది, మగవాళ్ళు సెలవులు పెట్టి దగ్గరుండి చూసుకుంటారు. ఇల్లయిపోయాక వచ్చే చిన్న పనుల సంగతే వేరు. పొద్దున్న తొమ్మిదింటికి మేస్త్రీ వచ్చేసరికి ఇంట్లో మిగిలేది మనమే. "అమ్మా, గోడ ఎంతెత్తు లేపమంటారు?" అని అడిగేదీ మనల్నే. నాలుగు విషయాలు తెలిసుంటే ధైర్యంగా జవాబు చెప్పొచ్చు.

గేటు నుంచి కారు పెట్టే చోటుదాకా బండి వెళ్ళే దారి ఉంటుంది కదా, దాని పక్కన పక్కింటి హద్దు మీద కట్టుకునే రెండడుగుల గోడ గురించే ఈ కబుర్లు.

ఎందుకు కట్టాలి?

మాకు పక్కింటివాళ్ళతో పద్దెనిమిదేళ్ళ స్నేహం. మధ్యలో గోడ లేదు, ఒక వరస కనకాంబరాలు మాత్రం ఉండేవి. వాళ్ళ పెరడు మాకంటే అడుగు పల్లం. వానొస్తే మా మట్టంతా జారి వాళ్ళ తోటకూర మడిలోకి. మేము కారు కొన్నాక ఇంకో భయం పట్టుకుంది. వాళ్ళ నాలుగేళ్ళ మనవడు బంతి కోసం పరుగెత్తుకొచ్చి దారి మధ్యలో నిలబడతాడు. కారు వెనక్కి తీసేటప్పుడు అంత చిన్నవాడు అద్దంలో కనిపించడు.

గోడ కడదామని చెప్పగానే పిన్నిగారి మొహం చిన్నబోయింది. "మీ బాబాయిగారి అన్నదమ్ములు పంపకాలయ్యాక మొట్టమొదట కట్టింది గోడేనమ్మా. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు మాటల్లేవు" అన్నారు. ఆవిడ భయం గోడకి కాదు, గోడ అవతల జరగబోయేదానికి. అందుకే ఎత్తు ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం. రెండడుగులు. నిలబడితే మొహాలు కనిపించాలి, కూరగిన్నె చేతికందాలి. మధ్యలో మూడడుగుల తోవ వదిలి చిన్న చెక్క తలుపు పెట్టాం. దాని గొళ్ళెం పిల్లవాడికి అందనంత పైన పెట్టించాం.

ముందు హద్దు, తర్వాత ఇటుక

మేస్త్రీని పిలిచే ముందు ఇంటి దస్తావేజు తీసి చూడండి. నాలుగు వైపులా హద్దులు, కొలతలు అందులో రాసి ఉంటాయి. హద్దురాళ్ళు కనిపించకపోతే సర్వేయరు చేత కొలిపించండి. పక్కింటివాళ్ళు కూడా ఉన్నప్పుడే దారం కట్టి ముగ్గు పోయించండి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అనుమతి కావాలేమో కనుక్కోండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పునాది గోడకంటే వెడల్పు. గోడ హద్దు మీద సరిగ్గా ఉన్నా, కింద పునాది పక్కవారి నేలలోకి పోతుంది. అందుకని మొత్తం మన స్థలంలోకి వచ్చేలా గోడని లోపలికి జరుపుకోవాలి. ఖర్చు చెరిసగం పెట్టుకుని ఉమ్మడి గోడ కట్టుకుంటే సరే. కానీ ఎవరెంత పెట్టారో, గోడ ఎవరిదో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. మనకి గుర్తుంటుంది, పిల్లలకి గుర్తుండదు కదా!

నీళ్ళ దారి కూడా చూసుకోవాలి. పక్కింటి వాననీరు ఎన్నో ఏళ్ళుగా మన స్థలంలోంచి పోతుంటే, గోడ కట్టి అడ్డుకోవడం తగువుకి మూలం. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం అలా హక్కుగా, అడ్డంకి లేకుండా 20 ఏళ్ళు వాడుకున్నది నిజంగానే వారి హక్కు కావచ్చు. మన నేల ఎత్తులో ఉంటే గోడకి బెజ్జాలు పెట్టి నీళ్ళు వాళ్ళ మీదికి వదలకూడదు. మనవైపు గోడ పొడవునా చిన్న కాలవ తీసి, వీధి కాలవ వైపు వాలు పెట్టించండి.

సామాను లెక్క

30 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం గోడ అనుకుందాం. 9 × 4½ × 3 అంగుళాల ఇటుకైతే నేల పైభాగానికి దాదాపు 500 పడతాయి. పునాదికీ, విరిగేవాటికీ కలిపి ఇంకో 500. పునాది, కట్టుబడి, పూత అన్నిటికీ కలిపి 7 లేక 8 బస్తాల సిమెంటు సరిపోతుంది. ఇటుక సైజు మారితే లెక్క మారుతుంది.

ఖర్చు తగ్గుతుందని నాలుగున్నర అంగుళాల గోడ కడదామంటారు కొందరు. కట్టొచ్చు. కానీ ఆరేడు అడుగులకొకచోట 9 అంగుళాల స్తంభం లేపాలి. లేకపోతే కారు బంపరు తగిలినా చాలు, ఒరిగిపోతుంది. మట్టిని ఆపాల్సిన గోడకైతే 9 అంగుళాలకి తగ్గొద్దు.

ఇటుక మంచిదో కాదో మనమే చూసుకోవచ్చు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మూడడుగుల ఎత్తునుంచి నేలమీద వదిలితే ముక్కలు కాకూడదు.

ఇసుకకి గాజుగ్లాసు పరీక్ష. సగం ఇసుక, ముప్పాతిక దాకా నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కలిపి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండ్రు పొర మందంగా కనిపిస్తే ఆ ఇసుక వద్దు. ఇప్పుడు చాలాచోట్ల రోబో ఇసుకే వాడుతున్నారు. అందులో పొడి ఎక్కువ లేకుండా చూసుకోండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటింది తీసుకోకండి.

పని జరిగేటప్పుడు

పునాది గట్టినేల తగిలేదాకా, తక్కువలో తక్కువ అడుగున్నర లోతు తీయించండి. నల్లరేగడి నేలయితే ఇంకా లోతు కావాలి. ఆ మట్టి వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది, గోడని పగలగొడుతుంది. కింద నాలుగంగుళాల కాంక్రీటు పరిచాకే ఇటుక మొదలుపెట్టాలి.

ఇటుకల్ని ముందే నీళ్ళలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తుంది, అతుకు పట్టదు. కట్టుబడికి సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు. తట్టలు మనమే లెక్కపెట్టాలి. మాలు అరగంటలో అయిపోయేంత మాత్రమే కలపమనండి. భోజనాలకి ముందు కలిపింది తర్వాత నీళ్ళు పోసి మళ్ళీ వాడనివ్వకండి. కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకూడదు. రసమట్టం పెట్టమంటే మేస్త్రీ ఏమీ అనుకోడు.

గోడ కట్టిన మర్నాటినుంచి వారం రోజులు పొద్దున్నా సాయంత్రం తడపాలి. పూత పూశాక ఇంకో వారం. ఎండాకాలమైతే గోనెసంచులు కప్పి తడపండి. ఇక్కడ బద్ధకిస్తే సిమెంటుకి పెట్టిన డబ్బు దండగే.

కారుకి చోటు

దారి తొమ్మిది పదడుగుల వెడల్పు మిగిలేలా చూసుకోండి. కారు ఆరడుగుల లోపే ఉన్నా, తలుపు తీసుకుని పెద్దవాళ్ళు దిగాలి కదా. గోడ మట్టిని ఆపుతుంటే కారు చక్రం గోడకి అడుగున్నర ఎడంగా నడవాలి. ఆ జాగాలో బరువు లేని చిన్న మొక్కలు వేసుకోండి. వేపలాంటి పెద్ద చెట్లు వద్దు, వేళ్ళు గోడని ఎత్తేస్తాయి. గోడ నెరియల్లో రావి మొక్క మొలిస్తే వెంటనే పీకేయండి.

గోడ చివర్లకి తెల్లరంగు వేయించండి, రాత్రిపూట కారు నడిపేవారికి తెలుస్తుంది. పైన కొద్దిగా వాలుగా కడప బండ పరిస్తే నీళ్ళు గోడలోకి దిగవు, కూర్చోవడానికీ బాగుంటుంది. మా పిన్నిగారు ఇప్పుడు చిక్కుడుకాయలు దానిమీదే కూర్చుని ఒలుస్తారు.

చివరిగా ఒక మాట. గుత్తకి ఇచ్చినా, రోజుకూలికి పెట్టినా, మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి. పూత ఆరి, తడపడం పూర్తయి, బీటలేవీ రాలేదని చూసుకున్నాకే మిగిలింది ఇవ్వండి. ఆ సంగతి మొదటిరోజే చెప్పేస్తే మేస్త్రీకీ మనకీ మాట పట్టింపులుండవు.