మీకు తెలుసా? 20 సెకన్లలో 16,000 వ్యాసాలు!

వ్యాసాలు దిద్దే పని కంప్యూటర్‌కు అప్పజెప్పాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. ఒకప్పుడు హైస్కూల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన అమెరికన్ ఎలిస్ పేజ్ 1966లోనే ‘ప్రాజెక్ట్ ఎస్సే గ్రేడ్’ గురించి ప్రకటించారు. విద్యార్థుల రాతను పంచ్ కార్డుల మీదికి ఎక్కిస్తేగానీ ఆనాటి యంత్రానికి అందేది కాదు. పైగా అది భావం జోలికే పోలేదు. వ్యాసం పొడవెంత, కామాలెన్ని, మాటల సగటు నిడివి ఎంత... ఇలాంటివి లెక్కగట్టి మార్కు అంచనా వేసేది.

1999లో బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లోకి వ్యాసాలు దిద్దే ‘ఈ-రేటర్’ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అమెరికా చదువులకని మన పిల్లలు రాసే జీఆర్ఈలోనూ ఒక మనిషి, ఒక యంత్రం వ్యాసాన్ని చూసే పద్ధతి నడిచింది. రెండు మార్కులకూ పొంతన కుదరకపోతే మరో మనిషి దిద్దాల్సి వచ్చేది.

20 సెకన్లలో 16,000 వ్యాసాలు దిద్దేసే ఈ-రేటర్‌కు వేగంలో తిరుగులేదు, సరే. మరి నిజానిజాలు? 1812 నాటి యుద్ధం 1945లో మొదలైందని రాసినా ఈ-రేటర్‌కు పట్టదని ఎంఐటీకి చెందిన లెస్ పెరెల్‌మన్ 2012లో ఎత్తిచూపారు. అంతటితో ఊరుకోలేదాయన. 2014లో విద్యార్థులతో కలిసి ‘బేబెల్’ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. రెండు మూడు మాటలు అందిస్తే చాలు, తలాతోకా లేని వ్యాసం క్షణాల్లో అల్లేస్తుంది. ‘ప్రైవసీ’ మీద అది అల్లిన అయోమయానికి ఓ గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్ వేసిన మార్కులు ఆరుకు 5.4!