పదునేడు విజయాలు – ఇద్దరు సారథులు

అమెరికా దేశస్థులు ఫుట్‌బాల్ అని పిలిచే క్రీడ మన పాఠశాలల మైదానాలలో ఆడే కాలిబంతి కాదు. అందులో బంతి అండాకారమైనది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, విసరవచ్చును. పక్షమునకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగలేని జట్టు బంతిని ప్రత్యర్థులకు అప్పగించవలసినదే. దాడిని నడిపే ఆటగానిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. రథానికి సారథి ఎటువంటివాడో జట్టుకు అతడు అటువంటివాడు.

1972లో మయామీ డాల్ఫిన్స్ జట్టు ఆ క్రీడలో అపూర్వమైన ఘనత సాధించినది. ఆ జట్టు బరిలో దిగి అప్పటికి ఆరేండ్లే. ఆ యేడు జనవరిలో సూపర్ బౌల్ అనే తుది పోటీలో డల్లాస్ చేతిలో 24–3తో పరాభవం పొందినది. ఆ గాయం మానకముందే కొత్త క్రీడాఋతువు మొదలైనది.

తొలి నాలుగు ఆటలూ గెలిచినారు. అయిదవ ఆటలో, అక్టోబరు 15న, సారథి బాబ్ గ్రీసీ కాలు విరిగినది. అతని స్థానంలోకి వచ్చినవాడు ఎర్ల్ మొరాల్. వయస్సు 38. బాల్టిమోర్ జట్టు వదులుకొనగా, శిక్షకుడు డాన్ షూలా నూరు డాలర్ల రుసుముతో చేర్చుకొన్న ఆటగాడు. 1969 జనవరిలో షూలా శిక్షణలోనే బాల్టిమోర్ పక్షాన తుది పోటీ ఆడి, మూడు బంతులను ప్రత్యర్థుల చేతిలో పెట్టి, 16–7తో ఓడిన మచ్చ అతనికున్నది.

అట్టివాడు మిగిలిన తొమ్మిది లీగు ఆటలనూ గెలిపించినాడు. జోంకా, మోరిస్ అనే ఇద్దరు పరుగు వీరులు చెరి వేయి గజాలు సాధించినారు. ఒకే జట్టులో ఇద్దరికి ఒకే ఋతువులో అది సాధ్యమగుట అదే ప్రథమం. పిమ్మట క్లీవ్‌లాండ్‌పై 20–14తో జయం.

డిసెంబరు 31న పిట్స్‌బర్గ్‌లో సగం ఆట ముగిసేసరికి 7–7. గ్రీసీ కాలు అప్పటికి నయమైనది. షూలా మొరాల్‌ను కూర్చోబెట్టి గ్రీసీని పంపినాడు. మయామీ 21–17తో గెలిచినది.

భరతుడు పధ్నాలుగేండ్లు రాజ్యాన్ని కాపాడి అన్నకు అప్పగించినాడు. అయితే భరతుడు దానిని కోరనివాడు. మొరాల్ కోరినవాడే. పాత మచ్చ కడుగుకొనే అవకాశం ఒక్క మెట్టు దూరంలో ఉండగా స్థానం విడువవలసివచ్చినది. తానై చేసిన త్యాగం కాకపోయినను, అది తేలికైనది కాదు.

1973 జనవరి 14న లాస్ ఏంజెలస్‌లో వాషింగ్టన్‌పై మయామీ 14–0 ఆధిక్యంలో ఉన్నది. మరి రెండు నిమిషాలే మిగిలియుండగా, గారో యెప్రేమియన్ తన్నిన బంతిని ప్రత్యర్థులు అడ్డుకొన్నారు. అతడు దానిని తీసి విసరబోగా చేయి జారినది; మైక్ బాస్ అందుకొని గమ్యం చేర్చినాడు. ఆధిక్యం సగమైనను జట్టు తడబడలేదు. 14–7తో పదునేడవ విజయం దక్కినది. 2007 ఋతువులో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ వరుసగా 18 ఆటలు గెలిచి, 2008 ఫిబ్రవరిలో తుది పోటీని 17–14తో కోల్పోయినది. మయామీ ఘనత అద్వితీయంగానే నిలిచినది.

తుది పోటీ గెలిపించిన సారథిగా చరిత్రలో గ్రీసీ పేరే ఉన్నది. కాని ఆ పదునేడు ఆటలలో పదకొండింటిని ఆరంభించినవాడు మొరాల్. సహోపాధ్యాయుడు సెలవులో ఉండగా తరగతిని చెడనీయక నడిపి, ఆయన తిరిగివచ్చిన నాడు సుద్దముక్క ఆయన చేతికిచ్చి పోయే మాష్టార్లు మన పాఠశాలలలోను ఉన్నారు. వారినెరిగిన విద్యార్థులకు మొరాల్ కథ కొత్తగా తోచదు.