కిందికి దిగి బతికిన ఊరు

కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అని ఒక పట్నం ఉంది. మా అమ్మాయి కాపురం అక్కడే. కిందటేడు మే నెలలో చూడబోయాను. వెళ్ళిన మొదటి సోమవారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు కొట్టేసరికి, ఊరు దద్దరిల్లేటట్టు సైరన్ మొదలైంది. చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, ఏడేళ్ళ మనవరాలిని చంకనేసుకుని మేడ మెట్ల వైపు పరుగెత్తాను.

"తాతయ్యా! ఇవాళ సోమవారం. ఊరికే మోగించి చూస్తారు" అని పిల్ల పడీ పడీ నవ్వింది. "అయినా సైరన్ మోగితే పైకి కాదు, కిందికి పోవాలి!"

దివిసీమలో పుట్టినవాడితో అనవలసిన మాటేనా అది? 1977 నవంబరు 19న నాకు తొమ్మిదేళ్ళు. సముద్రం తాటిచెట్టంత లేచి వచ్చిందని మావాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మనిషికి మూడింతలన్నా అబద్ధం కాదు. మా నాన్న నన్ను బడి డాబా మీదికి విసిరినట్టు ఎక్కించాడు. ఎక్కినవాళ్ళం బతికాం. మా నాయనమ్మ ఎక్కలేకపోయింది. ఆ తుఫానులో సుమారు పదివేలమంది పోయారని లెక్క. ఎక్కువే ఉంటారని మా వైపు వాళ్ళ నమ్మకం.

నా ముఖం చూసి అల్లుడు ఏమనుకున్నాడో గాని, ఆ శనివారం "గ్రీన్స్‌బర్గ్ చూసివద్దాం రండి, మావయ్యగారూ" అని కారు తీశాడు. పడమరగా నూటపది మైళ్ళు. దారి పొడుగునా గోధుమ చేలు. కొండ అన్నది మచ్చుకైనా లేదు. గాలికి అడ్డేముంది అనిపించింది.

నిజానికి అక్కడి గాలి మన తుఫాను గాలి కాదు. తుఫాను సముద్రంలో పుట్టి, రోజుల తరబడి కబురు చేస్తూ వస్తుంది. టోర్నడో అనే ఈ సుడిగాలి నేల మీది ఉరుముల మబ్బులో పుడుతుంది. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తడిగాలి కింద పరుచుకుంటుంది. పడమటినుంచి వచ్చే గాలి దాని పైన మరింత వేగంగా పోతుంది. ఆ తేడాకు మధ్యనున్న గాలి అప్పడాల కర్ర దొర్లినట్టు దొర్లుతుంది. ఇంతలో వేడిగాలి గుప్పున పైకి లేచిందా, ఆ కర్ర కాస్తా నిలువున లేచి మబ్బులోపల తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరిగే ప్రతి మబ్బూ సుడిని నేలకు దించదు. ఏది దించుతుందో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టమే.

2007 మే 4, శుక్రవారం రాత్రి అది దిగింది. దక్షిణంగా పొలాల్లో పుట్టి, పెరిగి పెరిగి, ఊరు చేరేసరికి ఒకటిన్నర మైలు దాటిన వెడల్పయింది. ఊరే అంత లేదు! గాలి వేగం గంటకు 200 మైళ్ళ పైమాట. సుడిగాలులకు ఆ ఏడాదే పెట్టిన కొత్త కొలతలో అన్నిటికన్నా పై మెట్టు అందుకున్న మొదటిది ఇదే. రాత్రి పదింటికి కాస్త ముందు ఊరి మీదుగా పోయింది. నూటికి తొంభై అయిదు పాళ్ళు ఊరు నేలమట్టం. ఎత్తయిన సిమెంటు ధాన్యపు గాదె నిలిచింది, 1914 నాటి కోర్టు భవనం నిలిచింది. చెట్లు బెరడు ఒలిచిన మొండాలై మిగిలాయి.

అంత జరిగినా ప్రాణనష్టం పదిమందిని కొద్దిగా దాటి ఆగింది. కారణం ఇరవై నిమిషాలు. డాడ్జ్ సిటీ వాతావరణ కేంద్రం వారు రాడార్‌లో చూసి, మామూలు హెచ్చరిక చాలదని మహా ప్రమాద హెచ్చరిక చేశారు. సైరన్లు మోగాయి. జనం నేలమాళిగల్లోకి దిగారు.

ఆ ఊళ్ళో పెద్ద బావి ఒకటి ఉంది. 1887, 88 సంవత్సరాలలో పార, పలుగులతో మనుషులు తవ్విందే: 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు. దాని మీద ఉన్న ప్రదర్శనశాలను సుడిగాలి ఎగరగొట్టింది. అందులో ఉంచిన వెయ్యి పౌనుల ఉల్కారాయి మాత్రం శిథిలాల కింద భద్రంగా దొరికింది. ఆకాశం నుంచి పడ్డది గనుక గాలికి జడవలేదు కాబోలు! ఇప్పుడు కొత్త భవనం కట్టారు. మెట్లు దిగి బావిలోకి వెళ్ళవచ్చు.

అక్కడే ఒక పెద్దావిడ పరిచయమైంది. ఎనభై దాటి ఉంటాయి. ఆ యాస నాకు సగమే అందింది. మిగతాది అల్లుడు తెలుగు చేశాడు. ఆమె, భర్త, పక్కింటివాళ్ళు నలుగురు ఒకే నేలమాళిగలో కూర్చున్నారట. ముందు చెవులు నొప్పెట్టాయట. తరువాత చప్పుడు. అంతా అణగాక, పైన తలుపు తోస్తే సగమే తెరుచుకుందట. "పైకి వచ్చాక, వంటింట్లో నుంచున్నాననుకున్నాను. వంటిల్లు లేదు. వీధి ఎటో తెలియలేదు. పచ్చికర్ర వాసన, గ్యాసు వాసన."

ఊరు మళ్ళీ లేచింది. బడి, ఆసుపత్రి, నగర కార్యాలయం కరెంటు ఖర్చు తగ్గేటట్టు కొత్త పద్ధతిలో కట్టుకున్నారు. ఊరవతల పది గాలిమరలు పెట్టి కరెంటు తీస్తున్నారు. గాలి మీద అంతకన్న కసి ఎవరు తీర్చుకోగలరు? కాని 2000 జనాభా లెక్కల్లో 1,574 మంది ఉన్న ఊరు 2020 లెక్కల నాటికి 740కి దిగింది. వీధులు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి. ఇళ్ళ మధ్య ఖాళీలే ఎక్కువ. ఒక ఖాళీ స్థలంలో సిమెంటు మెట్లు మూడు కనిపించాయి. ఏ ఇంటివో, ఎక్కడికీ పోవు.

పెద్దావిడ తన కొత్త ఇంటికి ముందు నేలమాళిగ తవ్వించి, ఆ తరువాతే వంటిల్లు ఎటు వైపో ఆలోచించిందట. నేను మా ఊరి సంగతి చెప్పాను. మాకు తవ్వితే నీళ్ళు. అందుకని 1977 తరువాత స్తంభాల మీద ఎత్తుగా తుఫాను షెల్టర్లు కట్టారనీ, కబురు అందగానే మెట్లెక్కి పైకి పోతామనీ చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విని ఏదో అడిగింది. అన్ని మెట్లు ముసలివాళ్ళు ఎలా ఎక్కుతారు అని. అల్లుడు తెలుగులో చెప్పబోయాడు. అక్కరలేదన్నట్టు చెయ్యి ఊపాను.