చెమటా కావాలి, నవ్వూ కావాలి



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి హాస్టళ్లకు వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు టమోటా తోటల్లో, మార్కెట్ యార్డుల్లో కూలికి పోతారు. కొందరు నాలుగు ఆవుల మీద బతుకుతారు. కుప్పం వైపు చాలామంది రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి వస్తారు. మరి ఆటల్లో చురుకైన పిల్లవాడిని హాస్టల్లో పెంచేది ఎవరు? వార్డెన్ గారు, బడిలో పీఈటీ సారు, వారి తర్వాత సీనియర్లమైన మేము. అందుకే ఈ విషయం మనం తెలుసుకోవాలి.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి వాళ్లం మేము. "ఆటలు అన్నం పెడతాయా?" అనే మాట మేమూ విన్నాం. ఇప్పుడు దానికి ఎదురు మాట కూడా వినిపిస్తోంది. డివిజన్ పోటీల్లో ఒక కప్పు రాగానే "వీడికి ఇక ఆటే బతుకు" అని పొద్దున, సాయంత్రం విశ్రాంతి లేకుండా పరిగెత్తిస్తారు. మొదటి మాట వింటే పిల్లలు ఆట మొదలే పెట్టరు. రెండో మాటకు చిక్కినవారు తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి విసిగిపోయి మానేస్తారు. ఎటు చూసినా నష్టపోయేది మనమే.

కష్టం ఎందుకు?

కష్టపడకుండా ఎవరూ పైకి రాలేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమె. దాని వెనుక ఏళ్ల తరబడి సాధన ఉంది.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల బిడ్డలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. వారిని ఒక్కసారిగా మంచుకొండ మీదికి పంపలేదు. మొదట భువనగిరి కొండ, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్. కష్టాన్ని మెట్టు మెట్టుగా పెంచారు. మనం గమనించవలసింది ఇదే.

సరదా ఎందుకు?

సరదా అంటే సోమరితనం కాదు. పిల్లవాడు రేపు కూడా గ్రౌండుకు రావాలనుకోవడానికి కారణం సరదాయే. బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు ఎవరూ విజిల్ ఊదరు. అయినా పరుగు, గెంతు, గురి, తప్పించుకునే నేర్పు అన్నీ వస్తాయి. కబడ్డీకి, ఖోఖోకి ఇవే పునాది.

నార్వే దేశం పిల్లల క్రీడలకు ప్రత్యేక నియమాలు పెట్టుకుంది. 11 ఏళ్లు వచ్చేవరకు ర్యాంకుల పట్టికలు ఉండవు. 13 ఏళ్లు వచ్చేవరకు జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. అయినా 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశం 16 స్వర్ణాలు గెలిచింది. అప్పటివరకు ఒకే శీతాకాల ఒలింపిక్స్‌లో ఏ దేశమూ అన్ని స్వర్ణాలు గెలవలేదు.

"గోపీచంద్ గారు సింధు ఫోను తీసేసుకోలేదా? ఐస్‌క్రీం మాన్పించలేదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. కానీ అది 2016 రియో ఒలింపిక్స్ ముందు దాదాపు మూడు నెలల మాట. అప్పటికి సింధుకు 21 ఏళ్లు. రజతం రాగానే ఫోనూ తిరిగి వచ్చింది, ఐస్‌క్రీమూ వచ్చింది. ఆ కట్టుబాటును ఆరో తరగతి పిల్లవాడికి ఏడాది పొడవునా పెట్టడం న్యాయం కాదు.

కొలత ఏమిటి?

అమెరికాలో 7 నుంచి 18 ఏళ్ల వయసు క్రీడాకారులు వెయ్యి మందికి పైగా ఉన్న ఒక అధ్యయనం 2015లో వెలువడింది. వారానికి తమ వయసు కంటే ఎక్కువ గంటలు ఆడేవారికి గాయాలు ఎక్కువని అందులో తేలింది. అంటే 12 ఏళ్ల పిల్లకు వారానికి 12 గంటలు హద్దు. శిక్షణ రెండు గంటలైతే సొంతంగా ఆడుకునేది కనీసం ఒక గంట ఉండాలి. అక్కడి పిల్లల వైద్యుల సంఘం వారానికి ఒకటి రెండు రోజులు శిక్షణకు సెలవు ఇవ్వమంటుంది.

12 నుంచి 15 ఏళ్ల మధ్య ఎముకలు త్వరగా పెరుగుతాయి. ఆ వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి అంటే "నాటకాలాడొద్దు" అనకండి. ఆట తగ్గించి డాక్టరుకు చూపించండి. కఠిన శిక్షణలో ఉన్న ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే తిండి చాలడం లేదేమో చూడాలి. రాగి సంగటి, పప్పు, గుడ్డు, వేరుశనగలు మనకు అందుబాటులో ఉన్న మంచి తిండి. నిద్ర కూడా శిక్షణలో భాగమే. 13 ఏళ్లు దాటినవారికి కనీసం 8 గంటలు కావాలి. ఐదింటికి లేపాలంటే తొమ్మిదింటికల్లా పడుకోనివ్వాలి.

మనం మాట్లాడే తీరు

1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడం వారి మనసుకు హాని చేస్తుందని బోధించారు. పోటీలో పోలిక తప్పదు కదా అంటారా? పోయిన నెల తన పరుగుతో ఈ నెల పరుగును పోల్చుకోనివ్వండి. ఓడి వచ్చిన తమ్ముణ్ణి "ఎందుకు ఓడావు?" అనే ముందు "అన్నం తిన్నావా?" అని అడగండి. తప్పులు మరునాడు మాట్లాడుకోవచ్చు.

చదువును మాత్రం ఎప్పుడూ వదలకూడదు. స్పోర్ట్స్ కోటా సీటుకైనా, ఉద్యోగానికైనా దానికి తగిన చదువు కావలసిందే. కాలు విరిగినా, ఎంపికలో పేరు రాకపోయినా పిల్లవాడు నిలబడేది దాని మీదే. మన ఇళ్లలో రెండో అవకాశం అంత సులువుగా దొరకదని మాకు తెలుసు.

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు గెలిచినవారికి కప్పులు ఇవ్వండి, సంతోషం. మరునాడు ఉదయం కూడా ఉండి, కప్పు రాని పిల్లలతో ఒక గంట ఆడి వెళ్లండి. వచ్చే ఏడాది గెలిచేవారు వాళ్లలోనే ఉండవచ్చు.